కుండ నుంచి పీపా దాకా: పెద్దదైన సారా బట్టీలో మన పాలు ఎంత?

పాలకీడు మండలం 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లాతో పాటు ఏర్పడింది. అంతకుముందు ఇది నల్లగొండ జిల్లా, నేరేడుచర్ల మండలం. ఒకపక్క కృష్ణ, ఇంకోపక్క మూసీ. ఈ రెండూ కలిసే వాడపల్లి ఇక్కడికి దూరమేమీ కాదు. సాగర్ ఎడమ కాల్వ నీళ్ళతో వరి పండుతుంది. పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులకు పోతాయి. ఏటా జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు అన్ని కులాల జనం వస్తారు, మేకలు కోస్తారు, తాగుతారు. తాగేది ఏమిటి, అది ఎక్కడ తయారైంది, దాని పైసలు ఎవరికి ముట్టినయి అని మన చరిత్ర పుస్తకాలు ఎన్నడూ అడగలేదు.

ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది ఆ ప్రశ్నే. మద్యం మంచిదా చెడ్డదా అనే చర్చ మనకు పాతదే. దాన్ని పక్కన పెడితే ఇంకో చరిత్ర కనబడతది. ఇంట్లో కుండలో పులిసినది, ఇంటి వెనక బట్టీ మీద కాగినది ఎట్లా పెద్దదయింది? కుండ డ్రమ్ము అయి, డ్రమ్ము పీపా అయి, పీపా ఫ్యాక్టరీ అయిన ప్రతి మెట్టు దగ్గరా ఎవరు పైకి పోయిన్రు, ఎవరు కింద మిగిలిన్రు? మా ఇండ్లల్ల యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మేము. మా అమ్మమ్మల కాలం దాకా కొలువు అంటే కుండే. అందుకే కుండ నుంచే మొదలుపెడుతున్నాం.

కుండ లెక్క

పెరుగుకు తోడు వేసినట్టే సారాకూ, ధాన్యపు కల్లుకూ తోడు ఉంటది. పాత కుండ అడుగున మిగిలిన మడ్డిని కొత్త దాంట్లో కలుపుతారు. ఆ మడ్డిలో బతికున్న ఈస్టు తీపిని తిని సారగా మారుస్తుంది. ఇప్పపువ్వులో తీపి ఉంది, ఈస్టుకు కావలసిన బలం కూడా ఉంది. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో, కోరాపుట్ వైపు ఆదివాసులు చోళ్ళతో, బియ్యంతో చేసుకునే ‘లందా’ను బీరు అనవచ్చు. దాన్ని బట్టీ పెట్టనక్కరలేదు, పులిస్తే చాలు. మన నల్లగొండ మైదానంలో ఎక్కువగా ఉన్నది ఈతకల్లు, తాటికల్లు. చాటుగా కాచిన బెల్లపు సారా కూడా ఉంది.

మట్టికుండకు ఒక గుణం ఉంది. ఎండాకాలం మంచినీళ్ళను ఎట్లా చల్లబరుస్తదో, పులిసేదాన్నీ అట్లనే కొంత చల్లబరుస్తది. కుండ చిన్నది కాబట్టి లోపల పుట్టిన వేడి బయటికి పోతది. పాడైతే ఒక్క కుండే పాడైతది, ఇల్లు కూలిపోదు. ఇందులో పట్టా లేని ఒక విద్య ఉంది. వాసన చూసి, నురుగు చూసి, చెవి పెట్టి బుడగల చప్పుడు విని ఎప్పుడు దించాలో చెప్పగల ఆడవాళ్ళ విద్య అది. దాన్ని మన సైన్సు చరిత్రలో ఎవరూ చేర్చలేదు.

అయితే కుండను మేము పూజించడం లేదు. కుండకూ కులం ఉంది. కల్లు మండువ దగ్గర మాల మాదిగలకు వేరే ముంత, లేకుంటే తాటాకు రేక. దోసిలి పట్టితే పైనుంచి పోసిన రోజులూ ఉన్నయి. గీసే గౌడన్న కూడా దొర ముందు వెట్టివాడే. నిజాం కాలంలో దొర గడీకి ఉచితంగా కల్లు మోయడం అతని మీద వెట్టి. ఉచితంగా చెప్పులు కుట్టి, మోట తోలు సిద్ధం చేసి ఇవ్వడం మాదిగ మీద వెట్టి. ఇద్దరి వెట్టీ ఒకే గడీ గుమ్మం తొక్కింది. కానీ ముంత దగ్గరికి వచ్చేసరికి ఆ ఇద్దరి నడుమ గీత గీత లాగానే ఉండిపోయింది. పాత ఊరు బాగుండేదని రాసేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు.

పాత్ర పెరిగితే ఏమైతది?

20 లీటర్ల కుండలో చేసినదాన్ని 200 లీటర్లు చేయాలంటే అన్నీ పదింతలు వేస్తే సరిపోతదని అనుకుంటాం. సరిపోదు. పాత్ర ఆకారం అదే ఉండి లోపలి సరుకు పదింతలైతే, దాని ఒంటి వైశాల్యం నాలుగున్నర రెట్లు దాటి కొంచెమే పెరుగుతది. పుట్టే వేడి పదింతలు, వేడి బయటికి పోయే దారి అందులో సగం కూడా కాదు. ఎండ 40 డిగ్రీలు దాటే మన నల్లగొండ వేసవిలో పెద్ద డ్రమ్ములో ఈస్టు ఉడికిపోతది, లేకుంటే ఘాటైన చెడు సరుకు తయారు చేస్తది. అందుకే పెద్ద పాత్రకు చల్లబరిచే యంత్రం కావాలి. తోడు కూడా అంతే. చారెడు మడ్డి డ్రమ్ముకు చాలదు. చిన్న ముంతలో పెంచి, దాన్ని పెద్ద ముంతలో పెంచి, అప్పుడు డ్రమ్ములో వేయాలి. లేకుంటే ఈస్టు కంటే ముందు గాలిలోని ఇతర క్రిములు పంచె బిగిస్తాయి. డ్రమ్ము పుల్లగయితది, పోయిన బెల్లం పైసలు అప్పుగా మిగులుతాయి.

అన్నిటికంటే పెద్ద సంగతి నిలవ. కల్లు పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు. చోళ్ళ లందా రెండు మూడు రోజులు దాటితే పనికిరాదు. నిలవ లేని సరుకు దూరం పోదు, దూరం పోనిది పెద్ద వ్యాపారం కాదు. ఇంగ్లండులో జరిగింది ఇదే. 1300 ప్రాంతంలో అక్కడి పల్లెల్లో ఇంటి బీరు కాచి అమ్మినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. తర్వాత హాప్స్ అనే చేదుపువ్వు వేసిన బీరు వచ్చింది. అది చాలా రోజులు నిలవ ఉంటది, బండ్ల మీద, ఓడల మీద పోతది. దానికి పెద్ద పాత్రలు, పెట్టుబడి, అప్పు పుట్టే పరపతి కావాలి. 1600 వచ్చేసరికి ఆ వృత్తి చాలామటుకు మగవాళ్ళ చేతిలోకి, సంఘాల చేతిలోకి పోయింది. ఆడవాళ్ళకు బీరు కాచడం రాక కాదు. అప్పు ఇచ్చేవాడు వాళ్ళకు లేడు, సంఘంలో సభ్యత్వం లేదు.

పెద్ద పీపా పగిలితే ఎవరి మీద పడుతదో కూడా లండన్‌లోనే తెలిసింది. 1814 అక్టోబరు 17న సెయింట్ జైల్స్ పేదవాడలో మ్యూ కంపెనీ బ్రూవరీలో పెద్ద పీపా పగిలి, బీరు వరదయి పక్క ఇండ్ల మీద పడ్డది. 8 మంది చనిపోయారు, అందరూ ఆడవాళ్ళు, పిల్లలే. విచారణ జరిపినవాళ్ళు ఇది ప్రమాదమే, ఎవరి తప్పూ లేదన్నారు. పోయిన బీరు మీద కట్టిన సుంకాన్ని ప్రభుత్వం కంపెనీకి తిరిగి ఇచ్చింది. సర్కారుకూ పీపాకూ ఉన్న బంధుత్వం ఎంత పాతదో తెలుసుకోవడానికే ఈ సంగతి ఇక్కడ చెప్పినం.

ఆబ్కారీ: కుండ మీద సర్కారు చెయ్యి

మద్రాసు రాష్ట్రంలో 1886 ఆబ్కారీ చట్టం వచ్చింది. నిజాం రాజ్యంలో 1316 ఫసలీ ఆబ్కారీ చట్టం వచ్చింది, అంటే 1906–07. ఆబ్కారీ రాబడి నిజాం ఖజానాకు పెద్ద ఆదరువు. చట్టం చెప్పేది సూటిగా ఇది: అనుమతి లేకుండా కాచరాదు, అమ్మరాదు. అనుమతి వేలంలో దొరుకుతది. వేలంలో పాడేవాడు గుత్తేదారు. ఊరూరా చెదిరి ఉన్న చిన్న బట్టీలను లెక్కపెట్టడం, పన్ను వసూలు చేయడం సర్కారుకు కష్టం. పెద్ద డిస్టిలరీ అయితే ఒక్క గేటు దగ్గర జవాను నిలబడితే చాలు. నారాయణగూడ, కామారెడ్డి డిస్టిలరీల వెనక ఉన్న తర్కం ఇదే. పాత్ర పెద్దది కావడానికి రుచి కారణం కాదు, లెక్క కారణం.

1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. చక్కెర తీయగా మిగిలిన మడ్డి, అంటే మొలాసిస్, సారాకు ముడిసరుకు అయింది. ఇప్పపువ్వు ఏరాలంటే అడవిలో వేల చేతులు కావాలి, మొలాసిస్‌కు గొట్టం చాలు. ముడిసరుకు మారడంతో ఏరేవాళ్ళ పాలు కూడా సారాలోంచి జారిపోయింది. బొంబాయి రాష్ట్రంలో 1892లో తెచ్చిన ఇప్పపువ్వు చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. థానా, కొలాబా జిల్లాల్లో పువ్వు నిలవ చేసుకోవడమే నేరం. తినే పువ్వు కూడా అనుమానపు సరుకయింది.

ఇదే కాలంలో మనవాళ్ళు ఏం చేసిన్రు? 1316 ఫసలీ చట్టం వచ్చిన రోజుల్లోనే, 1906లో, భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టిండు. భజనలతో, హరికథలతో మాల మాదిగ వాడల్లో తాగుడు మాన్పించే ప్రచారం చేసిండు. ఆయనకంటే ముందు, 1880లో, పూణే మునిసిపాలిటీ సభ్యుడిగా ఉన్న జోతిరావు ఫూలే ఊళ్ళో సారా దుకాణాలు పెంచడాన్ని వ్యతిరేకించిండు. వీళ్ళను కేవలం నీతిబోధకులుగా చూడడం తప్పు. ఖజానా నింపడానికి మన వాడల కూలిని వాడుకుంటున్నరని వాళ్ళు గుర్తుపట్టిన్రు. సర్కారు చట్టం చేసి దుకాణం తెరిచింది, వీళ్ళు భజన కట్టి దుకాణం ముందు గిరాకీ తగ్గించ చూసిన్రు.

జొన్న బీరు, డర్బన్

ఒక దూరదేశపు ఉదాహరణ మన సంగతిని ఇంకా తేటగా చూపిస్తది. దక్షిణాఫ్రికాలో నల్లజాతి ఆడవాళ్ళు ఇంట్లో జొన్నతో బీరు చేసేవాళ్ళు. పట్నాలకు కూలికి వచ్చిన మగవాళ్ళకు అమ్మి పిల్లలను సాకేవాళ్ళు. నాటాల్‌లో 1908లో ‘నేటివ్ బీర్’ చట్టం వచ్చింది. దాని ఆధారంగా 1909 నుంచి డర్బన్ మునిసిపాలిటీ జొన్న బీరు మీద గుత్తాధిపత్యం తీసుకుంది. మునిసిపాలిటీయే పెద్ద ఎత్తున కాచి, తన బీరు హాళ్ళలో అమ్మింది. ఇంట్లో కాచిన ఆడవాళ్ళను పట్టుకపోయింది. ఆ లాభంతోనే నల్లవాళ్ళను అదుపులో ఉంచే యంత్రాంగాన్ని నడిపింది. నల్లవాళ్ళు తాగిన బీరుతోనే నల్లవాళ్ళ మీది పోలీసు ఖర్చు! 1929లో బీరు హాళ్ళ బహిష్కరణ జరిగింది. 1959 జూన్‌లో కాటో మనోర్ ఆడవాళ్ళు కట్టెలు పట్టుకొని బీరు హాళ్ళ మీదికి పోయిన్రు.

గింజ అదే, విద్య అదే. పాత్ర పెద్దదయి మునిసిపాలిటీ చేతిలో ఉంటే ‘ఆదాయం’, చిన్నదయి నల్లామె చేతిలో ఉంటే ‘నేరం’. ఈ సూత్రం పట్టుకొని మళ్ళీ మన ఊరికి వద్దాం.

కాల్వ నీళ్ళు, సారా ప్యాకెట్

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాల్వలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మెట్ట నేలలు వరి మళ్ళయినయి. ఇదివరకు కూలి అంటే గింజలు. నెమ్మదిగా నాటుకూ కోతకూ పైసల కూలి వచ్చింది. గింజలు ఇంటికి వస్తే ఆడామె కుండలో పడతాయి, పైసలు వస్తే దారిలో దుకాణం ఉంటది. గుత్తేదారు ఈ సంగతి మనకంటే ముందు కనిపెట్టిండు. 1968 ఎక్సైజ్ చట్టంతో ఆంధ్ర, తెలంగాణ రెండు ప్రాంతాలూ ఒకే చట్టం కిందికి వచ్చినయి.

1980లలో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది. ప్యాకెట్‌కు పగలదు, ఒలకదు, జేబులో పడుతది, మూల గూడెం దాకా సైకిల్ మీద పోతది. నిలవ, దూరం, లెక్క అనే మూడు చిక్కులను ఒక్క ప్లాస్టిక్ సంచి తీర్చింది. 1970–71లో 39 కోట్ల రూపాయలున్న రాష్ట్ర ఎక్సైజ్ రాబడి 1991–92కు 812 కోట్లయిందన్న లెక్క మహిళా ఉద్యమం రోజుల్లో సభల్లో, కరపత్రాల్లో వినబడేది.

ఇంకో సంగతి దాచకూడదు. ప్యాకెట్‌కు కులం లేదు. కల్లు మండువలో వేరే ముంత పట్టిన చేతికి, అందరితో సమానంగా కత్తిరించుకునే ప్యాకెట్ దొరికింది. పైసలిస్తే చాలు, దోసిలి పట్టనక్కరలేదు. మన మగవాళ్ళు దుకాణం వైపు నడవడంలో ఈ గౌరవపు ఆశ కూడా ఉందని మేము అనుకుంటున్నాం. ఆ గౌరవానికి మూల్యం మాత్రం ఇంట్లో ఆడామె కట్టింది, దెబ్బలతో, పస్తులతో.

అందుకే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ళు బడితెలు పట్టుకొని పోయింది ప్యాకెట్ దుకాణం మీదికి, వేలంపాటల మీదికి. అక్షరదీపం చదువు ఆ నిప్పుకు గాలి విసిరింది. ఆ ఆడవాళ్ళలో మాల మాదిగ కూలి తల్లులు ఎంతోమంది. ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించింది, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో దాన్ని సడలించింది. సడలించినప్పుడు తిరిగి వచ్చింది సీసా. కూలివాడి చౌక సారా నిషేధంలోనే ఉండిపోయింది, వాడి జేబు మాత్రం సీసా ధరకు ఎదగాల్సి వచ్చింది. తల్లులు అడిగింది ఇంట్లోకి కూలి డబ్బు రావాలని. వచ్చిన జవాబు ఇంకా ఖరీదైన సరుకు.

అంబేడ్కర్, జైపాల్ సింగ్

రాజ్యాంగ సభలో 1948 నవంబరు 24న మద్యనిషేధం చర్చకు వచ్చింది. ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా దాన్ని వ్యతిరేకించిండు. ఆదివాసులకు బియ్యపు బీరు పూజలో భాగమనీ, వానలో తడుస్తూ వరి నాటే సంతాల్ కూలికి అది లేకుంటే పని సాగదనీ వాదించిండు. ఆదేశిక సూత్రం రాజ్యాన్ని నిర్బంధించేది కాదని అంబేడ్కర్ బదులు చెప్పిండు. అదే సూత్రం ఇప్పుడు రాజ్యాంగంలో 47వ అధికరణంలో ఉంది.

1951లో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళికలో అంబేడ్కర్ మద్యనిషేధాన్ని గట్టిగా తప్పుపట్టిండు. దానివల్ల ఖజానాకు నష్టం ఒకటి. సారా కాచడం ఇంటి పరిశ్రమ అయి, కండ్ల ముందు కాగుతుంటే ఆడవాళ్ళు, పిల్లలు కూడా తాగుడుకు అలవాటు పడుతున్నరని రెండోది.

ఈ ఇద్దరి మాటలూ మనకు కావాలి. జైపాల్ సింగ్ మాటలో కుండ ఒక హక్కు. అంబేడ్కర్ మాటలో నిషేధం నీడలో పెరిగే కుండ ఒక ప్రమాదం. రెండూ నిజమే ఎందుకయిందంటే, ఇద్దరూ చెప్తున్న కుండ ఒకటి కాదు. పండుగకు తనకోసం పులియబెట్టుకున్న కుండ వేరు. బెల్లం షావుకారు అప్పు తీర్చడానికి దొంగచాటుగా కాచే డ్రమ్ము వేరు. ఈ రెండోదాని పేరే గుడుంబా.

గుడుంబా, మైక్రో బ్రూవరీ

గుడుంబా పాత ఇంటి సారా కాదు, నిషేధం పెంచి పెద్దచేసిన సరుకు. నల్లబెల్లంలో తీపి ఉన్నా ఈస్టుకు బలం చాలదు. దాంతో నవాసారం, యూరియా కలుపుతారు. ఆబ్కారోళ్ళు వచ్చేలోగా దించాలి, వాసన చూసి, ఆగి, ఓపికగా దించే వ్యవధి లేదు. మట్టికుండ పోయి ప్లాస్టిక్ డ్రమ్ము వచ్చింది. కల్లు కూడా ఇదే దారి పట్టింది. చెట్టు ఇచ్చేదానికి హద్దు ఉంది, పట్నం గిరాకీకి హద్దు లేదు. చెట్టు ఇవ్వలేని దాన్ని క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం ఇచ్చినయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి చనిపోయినవాళ్ళు పేద కూలి జనం.

2015లో తెలంగాణలో గుడుంబా మీద పెద్ద ఎత్తున దాడులు జరిగినయి. డ్రమ్ములు పగిలినయి, బైండోవర్లు, పీడీ చట్టం కేసులు వచ్చినయి. కాచినవాళ్ళలో మన ఆడవాళ్ళు, లంబాడీ ఆడవాళ్ళు ఉన్నరు, బెల్లం అప్పిచ్చిన పెద్దమనుషులు అంతగా కనబడలేదు. గమ్మత్తు ఏమిటంటే, అదే 2015లో అదే ప్రభుత్వం మైక్రో బ్రూవరీ నియమాలు తెచ్చింది. పట్నంలో అద్దాల వెనక, మెరిసే స్టీలు పాత్రలో, చిన్న మోతాదులో బీరు కాచి అక్కడే పోయవచ్చు. చిన్న మోతాదు కళ అయింది, రుచి అయింది. పాలకీడు దిక్కు కాచే ఆడామె చిన్న మోతాదు మాత్రం ఊట పారబోసే ఫొటో అయింది.

గుడుంబా మానేసినవాళ్ళకు పునరావాసం కింద కుటుంబానికి 2 లక్షల రూపాయలు ఇచ్చే పథకం పెట్టారు. 2021 మద్యం పాలసీలో 2,620 దుకాణాల్లో ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం, గౌడ్లకు 15 శాతం రిజర్వు చేశారు. ఎస్సీలకు వచ్చినవి 262. ఇది ఊరికే వచ్చింది కాదు, మనం అడగంగా వచ్చింది. కానీ ఒక్క దరఖాస్తుకే 2023లో 2 లక్షలు, 2025లో 3 లక్షలు. దుకాణం రాకపోతే అది తిరిగి రాదు. గుడుంబా మానిన కుటుంబానికి బతుకు మార్చుకోమని ఇచ్చిన మొత్తం, ఒక చీటీ డబ్బాలో వేసే ఒక్క కాగితం ఖరీదు! ఇగ ఆ 262 దుకాణాల్లో అమ్మే సరుకు ఎవరి బ్రూవరీలది, ఎవరి డిస్టిలరీలది? రిజర్వేషన్ కౌంటర్ దాకా వచ్చింది, పీపా దాకా పోలేదు. పేరు మన కులపోనిది, పెట్టుబడి ఇంకొకనిది అయిన దుకాణాల లెక్క కూడా మన సంఘాలు తీయాలి.

మనం అడగాల్సినవి

మన దేశపు బీరులో బార్లీతో పాటు బియ్యం, మక్కలు కూడా వాడుతారు. నూకల నుంచి స్పిరిట్ తీస్తారు. సాగర్ కాల్వ కింద బురదలో వంగి నాటిన మన ఆడవాళ్ళ చెమట ఆ గింజలో ఉంది. ఆ గింజే పులిసి, సీసాలో ఎక్కి, బెల్టు షాపు గుండా మన వాడకు తిరిగి వస్తది. నాటినామెకు కూలి ఒక్కసారి ముడుతది, ఆ కూలి మళ్ళీ సీసాగా వెనక్కి పోతది. ఈ చుట్టులో మనం మొదట్లో ఉన్నాం, చివర్లో ఉన్నాం. నడుమ ఉన్న పీపా దగ్గర లేము.

తాగుడు మానాలని భాగ్యరెడ్డి వర్మ అన్నమాట ఈనాటికీ మన వాడలకు అవసరమే. అంతమాత్రాన పగిలేది మన కుండ, పెరిగేది వాళ్ళ పీపా అయితే దాన్ని సంస్కరణ అనలేము. పాలకీడులోనైనా, ఇంకో మండలంలోనైనా పనిచేసే కార్యకర్తలు, పాఠాలు చెప్పే టీచర్లు, రీసెర్చి చేసే విద్యార్థులు తమ ఊళ్ళ ఆబ్కారీ కేసులను ఒకసారి తిరగేయాలని కోరుతున్నాం. పట్టుబడింది ఎన్ని లీటర్లు, పట్టుబడిన మనిషిది ఏ కులం, ఆడనా మగనా, బెల్లం ఎవరి కొట్టులోది? బెల్టు షాపుకు సరుకు ఏ లైసెన్సు దుకాణం నుంచి వచ్చింది? ముసలి తల్లుల దగ్గర కూర్చుని కుండ విద్యను కూడా రాసుకోవాలి. కాచడానికి కాదు, ఆ విద్య ఎవరిదో రుజువు ఉండాలి గనుక. ఈ లెక్కలు సర్కారు గెజిట్లో దొరకవు. మనం రాస్తేనే ఉంటాయి.